ఊడిపోయే పన్నే, కానీ ఎప్పుడు ఊడుతుంది?

హైదరాబాద్ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి విషయం వరకు ఇక్కడ చెబుతున్నాం.

ఆమెది ప్రైవేటు ఉద్యోగం. పాపకు 3 ఏళ్ల 4 నెలలు, బరువు 13 కిలోలు. పగలంతా నానమ్మ దగ్గరే ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు 200 మిల్లీలీటర్ల పాలసీసా, అందులో రెండు చెంచాల చక్కెర. నడిరాత్రి లేస్తే ఇంకో సీసా. ఏడాది కిందట పై పళ్ల మీద, చిగురు పక్కనే, సున్నపు గీతల్లాంటివి కనిపించాయి. పాలు అంటుకున్నాయేమో అనుకున్నారు. ఇప్పుడు పై ముందు పళ్లు నాలుగూ గోధుమరంగుకు తిరిగి అంచులు రాలుతున్నాయి. కింద కుడివైపు చివరి దవడ పన్నులో గుంత పడి అన్నం మెతుకులు ఇరుక్కుంటున్నాయి. ఆ పన్ను పక్కన చిగురు మీద ఆవగింజంత పొక్కు వస్తుంది, పగిలిపోతుంది, పది రోజులకు మళ్లీ వస్తుంది. పోయిన నెలలో రెండు రాత్రులు పాప దవడ పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు నొప్పి లేదంటోంది.

ఒక డాక్టర్ రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలన్నారు. ముందు పళ్లతో కలిపి 18,000 రూపాయలు అవుతుందన్నారు. ఇంకో డాక్టర్ ఆ పన్ను పీకేద్దామన్నారు. "పాల పళ్లే కదా, ఎలాగూ ఊడిపోయేవాటికి అన్ని డబ్బులా?" అని అత్తమ్మ. భర్తదీ అదే మాట. పేస్టు దగ్గర ఇంకో గొడవ. అత్తమ్మది నల్గొండ జిల్లాలో మర్రిగూడ వైపు పల్లె, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ప్రాంతం. ఆమె పళ్ల మీద గోధుమ చారలున్నాయి, ఆమె అక్కకు నడుము వంగిపోయింది. అందుకే ఇంట్లోకి ఫ్లోరైడ్ ఉన్న పేస్టు రానివ్వరు. డాక్టరేమో ఫ్లోరైడ్ పేస్టే వాడమంటున్నారు. "ఆమె కళ్లారా చూసి పడుతున్న భయాన్ని తప్పని ఎలా అనను? పాప నోరు చూస్తే తప్పంతా నాదే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

సమాధానం:

అమ్మా, అన్నిటికంటే ముందు ఆ ఆవగింజంత పొక్కు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో అసలైన మాట అదే.

పొక్కు వచ్చిందంటే ఆ పన్ను లోపలి నరం చచ్చిపోయిందని అర్థం. లోపల పట్టిన చీము వేర్ల దగ్గర ఎముకను తొలుచుకుని చిగురు మీదికి దారి చేసుకుంది. నొప్పి తగ్గింది కూడా అందుకే. చీము బయటికి పోతోంది, లోపలి ఒత్తిడి తగ్గింది, అంతే. నయమై తగ్గిన నొప్పి కాదది. యాంటీబయాటిక్ సిరప్ ఇస్తే పొక్కు కొన్నాళ్లు కనబడకపోవచ్చు, కానీ చచ్చిన నరం ఉన్నచోటికి రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. సిరప్ అయిపోయాక మళ్లీ వస్తుంది. కాబట్టి "ఆగి చూద్దాం" అనే దారి ఈ ఒక్క పన్నుకు లేదు. పాల దవడ పన్ను వేర్ల మధ్యనే కింద కొత్త పన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. చీము నెలల తరబడి అక్కడే ఉంటే ఆ కొత్త పన్ను పచ్చటి మచ్చలతో, గుంతలు పడ్డ పింగాణీతో రావచ్చు.

ఈ రాత్రికి రాత్రే పరుగెత్తాల్సిన పని లేదు. వారం పది రోజుల్లో చూపిస్తే చాలు. అయితే బుగ్గ వాచినా, వాపు కంటి కిందికో దవడ ఎముక కిందికో పాకినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా, నోరు తెరవలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోపు నొప్పి వస్తే పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాముల లెక్కన, అంటే మీ పాపకు సుమారు 195 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 4 మిల్లీలీటర్ల లోపు, 125 ఉండేదైతే 7.5 మిల్లీలీటర్లు. ఆరు గంటల ఎడం తప్పనిసరి, రోజుకు నాలుగుసార్లు మించకూడదు. సీసా మీద ఎంతని రాసుందో చూడకుండా చెంచాతో పోయకండి. లవంగ నూనె దూదితో పెడితే ఈ వయసు పిల్లల చిగురు కాలిపోతుంది. పన్ను మీద మాత్ర పొడి అద్దడం కూడా వద్దు. ఆస్ప్రిన్ అసలే వద్దు.

ఇక మీ ఇంట్లో అందరూ అంటున్న "ఊడిపోయేవే కదా" అన్న మాటకు వద్దాం. ఆ మాట నిజమే. ఎప్పుడు ఊడుతుందన్నదే ఎవరూ అడగరు.

పాల పళ్లు మొత్తం 20. ఒకసారి పాప నోట్లో మధ్య గీత నుంచి పక్కకు లెక్కపెట్టండి. రెండు ముందు పళ్లు, ఒక కోర పన్ను, తర్వాత రెండు దవడ పళ్లు. అంటే ఒక్కోవైపు ఐదు. ముందు పళ్లు 6 నుంచి 8 ఏళ్ల మధ్య ఊడతాయి. మనకు గుర్తుండేవి, ఇంటి కప్పు మీదికి విసిరేవి అవే. అందుకే పాల పన్ను అంటే ఆరేళ్లకు పోయేదని అందరి మనసులోనూ పడిపోయింది. దవడ పళ్లలో మొదటిది 9 నుంచి 11, చివరిది 10 నుంచి 12 ఏళ్ల మధ్య ఊడతాయి. మీ పాపకు పాడైనది చివరిది, ఐదోది. అది ఇంకో ఏడేళ్లకు పైనే ఆ నోట్లో ఉండాలి. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పాప అన్నం నమిలేది దానితోనే.

దానికి ఇంకో పని కూడా ఉంది. ఆరేళ్లు వచ్చేసరికి దాని వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక పెద్ద శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఆ ఐదో పాల పన్ను గోడలా నిలబడి ఉంటే కొత్తది గోడకు ఆనుకుని తన చోట్లో దిగుతుంది. గోడ లేకపోతే ముందుకు ఒరుగుతుంది. అప్పుడు కింద తయారవుతున్న పన్నుకు చోటు చాలదు, పదేళ్లప్పుడు అది పక్కకో లోపలికో తిరిగి వస్తుంది, తర్వాత క్లిప్పుల ఖర్చు మొదలవుతుంది. 

అందుకే మీకు చెప్పిన రెండు వైద్యాలూ ఒకదానికొకటి బదులు కావు. దేని లెక్క దానిది.

రూట్ కెనాల్ అనగానే పెద్దవాళ్లకు చేసేది గుర్తొచ్చి, కొత్త పన్నుకు అడ్డం పడుతుందేమోనని భయపడతారు. పాల పన్నుకు చేసేది వేరు. లోపలి కుళ్లును తీసి, కడిగి, వేరు కరిగినప్పుడు దానితోపాటే కరిగిపోయే మెత్తటి పేస్టు నింపుతారు. కొత్త పన్ను కిందనుంచి వస్తున్నప్పుడు వేరూ పేస్టూ రెండూ కరిగిపోతాయి. తర్వాత పైన స్టీలు క్యాప్ తొడుగుతారు. క్యాప్ అదనపు హంగేమో అనిపించవచ్చు గానీ అది వదిలేయకండి. నరం తీసిన పన్ను పెళుసు. ఉత్త ఫిల్లింగుతో వదిలేస్తే ఏడాదిలో చీలిపోతే పెట్టిన డబ్బంతా పోయినట్టే. పంటి రంగు జిర్కోనియా క్యాప్‌కు ఖర్చు ఎక్కువ, పన్నును అరగదీయడమూ ఎక్కువ. వెనక పన్నుకు స్టీలుదే గట్టిది, చవక కూడా.

పీకడమూ తప్పు వైద్యం కాదు. ఎక్స్‌రేలో వేర్లు సగం కరిగిపోయి ఉన్నా, వేర్ల మధ్య ఎముక బాగా తిన్నట్టు కనిపించినా, మొగ్గ చుట్టూ చీము చేరినా పీకడమే మంచిది. అప్పుడు "ఖాళీ ఎలా కాపాడతారు?" అని ఆ డాక్టర్‌ని అడగండి. నాలుగో పన్ను పోతే ఐదో పన్నుకు రింగు తొడిగి, తీగ వంచి పెడితే సరిపోతుంది, తేలికైన పని. మీ పాపది ఐదోది. దాని వెనకాల రింగు పట్టించడానికి ఇంకా పన్నే లేదు. నాలుగో పన్నుకు బిగించి, చిగురు లోపలికి చిన్న రేకు దింపే ప్రత్యేకమైన అమరిక పెట్టాల్సి ఉంటుంది. కొత్త పన్ను ఆ రేకును ఆనుకుని పైకి వస్తుంది. దాన్ని కొన్ని నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి, ఆరేళ్ల పన్ను వచ్చాక మార్చాలి. ఈ లెక్కంతా కలిపితే "పీకేస్తే చవక" అన్న మాట ఐదో పన్ను విషయంలో నిలబడదు. పీకి, ఏమీ పెట్టకుండా వదిలేస్తేనే అది చవక. ఆ చవకకు ఖరీదు పదేళ్లప్పుడు కడతారు.

నా మొగ్గు చెప్పమంటే, ఎక్స్‌రే బాగుంటే ఐదో పన్నును కాపాడుకోండి. బాగా లేకపోతే పీకించి, చోటు కాపాడే ఏర్పాటు చేయించండి. రెండిట్లో ఏదైనా ఎక్స్‌రే చూశాకే నిర్ణయించండి. పంటి ఎక్స్‌రే రేడియేషన్ చాలా తక్కువ, భయపడి వద్దనకండి.

ముందు నాలుగు పళ్ల కథ వేరు. అవి మరో మూడు నాలుగేళ్లలో ఎలాగూ ఊడతాయి. కోర పళ్లు వచ్చేశాయి కాబట్టి అవి పోయినా చోటు పెద్దగా తగ్గదు. ఇక్కడ తగ్గించుకునే వీలుంది. నొప్పి, పొక్కు లేకపోతే ఒక దారి సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్ అనే మందు. డాక్టర్ పళ్లను ఆరబెట్టి చిన్న బ్రష్‌తో ఒక్క చుక్క అద్దుతారు, నిమిషం పాటు ఉంచుతారు. మిషన్ పెట్టే పని లేదు, సూదీ లేదు. చాలావరకు పుచ్చు అక్కడితో ఆగి గట్టిపడుతుంది. ఆరు నెలలకోసారి మళ్లీ వేయాలి. దీని ఇబ్బంది ముందే తెలుసుకోండి: పుచ్చినంత మేరా బొగ్గులా నల్లబడుతుంది, ఆ నలుపు పోదు. పాప నవ్వితే కనిపిస్తుంది. ఫొటోల గురించి, చుట్టాల మాటల గురించి మీకు పట్టింపు లేకపోతే డబ్బూ ఏడుపూ రెండూ తగ్గే దారి ఇది. పట్టింపు ఉంటే, పన్ను తగినంత మిగిలి ఉంటే, పంటి రంగు తొడుగులు వేస్తారు. దానికి పాప కదలకుండా నోరు తెరిచి కూర్చోవాలి, ఖర్చూ ఎక్కువ. మీకు చెప్పిన 18,000లో ముందు పళ్ల వాటా ఎంతో, వెనక పన్ను వాటా ఎంతో విడిగా రాసిమ్మనండి. వెనకది ఇప్పుడు చేయించుకుని, ముందువాటికి మందు పూయించుకోవడం చాలామందికి కుదిరే మధ్యదారి.

అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రిలో పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగం ఉంది. ప్రైవేటు డెంటల్ కాలేజీల్లోనూ ఉంటుంది. బయటి క్లినిక్‌తో పోలిస్తే ఖర్చు బాగా తక్కువ. కాకపోతే వరుసలో నిలబడాలి, మూడు నాలుగుసార్లు తిరగాలి, మీరు సెలవు పెట్టాలి. ఎక్కడికి వెళ్లినా పొద్దున పూట, పాప తిని, నిద్ర తీరి ఉన్నప్పుడు తీసుకెళ్లండి. "ఏం నొప్పి లేదులే", "సూది వేయరులే" అని ముందే మాటివ్వకండి. ఆ మాట తప్పితే పాప మళ్లీ ఆ కుర్చీ ఎక్కదు. మత్తు సూది తర్వాత రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. పిల్లలు అదేదో కొత్తగా ఉందని కొరుక్కుంటారు, సాయంత్రానికి పెదవి వాచి పుండవుతుంది. ఆ మూడు గంటలు పక్కనే కూర్చుని పెదవి మీద కన్నేసి ఉంచండి, ఘనపదార్థం పెట్టకండి.

పళ్లు ఎందుకు ఇలా అయ్యాయో ఇప్పుడు చూద్దాం. "పురుగు పట్టింది" అంటాం గానీ పంట్లో పురుగు ఉండదు. నేలములక గింజల పొగ పట్టించి పురుగు రాల్చామని చూపించేవారి దగ్గరికి పాపను తీసుకెళ్లకండి, నోరు కాలుతుంది. "కాల్షియం తక్కువై" అన్న మాట కూడా పక్కన పెట్టండి. కాల్షియం సిరప్ ఎంత తాగినా పుచ్చు పూడదు. నోట్లో ఉండే కొన్ని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. ఆ ఆమ్లం పంటి పైపొరలోని ఖనిజాన్ని కరిగిస్తుంది. పాల పళ్లకు ఆ పొర శాశ్వత పళ్లకు ఉన్న మందంలో సుమారు సగమే. అందుకే పుచ్చు పట్టిందంటే లోపలికి త్వరగా దిగుతుంది. మీరు ఏడాది కిందట చూసిన సున్నపు గీతలే దాని మొదటి గుర్తు. అప్పుడు అది వెనక్కి మళ్లేది. ఇప్పటికైనా మిగతా పళ్ల మీద అలాంటి గీతలున్నాయేమో, పెదవి పైకెత్తి పగటి వెలుతుర్లో చూడండి.

పాప కింది ముందు పళ్లు ఎందుకు బాగున్నాయో ఆలోచించారా? సీసా నోట్లో పెట్టుకుని పడుకున్నప్పుడు నాలుక కింది పళ్లను కప్పేస్తుంది, ఉమ్మి కూడా వాటి దగ్గరే ఊరుతుంది. పాలు వెళ్లి నిలిచేది పై పళ్ల వెనకాల. మెలకువగా ఉన్నప్పుడు ఉమ్మి ఆ ఆమ్లాన్ని కడిగేస్తుంది. నిద్రలో ఉమ్మి ఊరడం బాగా తగ్గిపోతుంది. కాబట్టి తప్పు పాలది కాదు. పగలు గ్లాసుతో తాగిన పాలతో ఏ ఇబ్బందీ లేదు. నిద్ర, సీసా, చక్కెర మూడూ కలవడమే ఇబ్బంది.

సీసా మాన్పించడానికి రెండు దారులున్నాయి. మెల్లగా అయితే మొదటి నాలుగు రోజులు రెండు చెంచాల చక్కెరను ఒకటికి తెండి, తర్వాత అర, తర్వాత మానేయండి. ఆపైన పాలలో నీళ్లు పెంచండి. 150 పాలకు 50 నీళ్లు, రెండు మూడు రోజుల తర్వాత సగం సగం, ఆ తర్వాత 50 పాలకు 150 నీళ్లు, చివరికి ఉత్త నీళ్లు. నీళ్లసీసా కోసం పిల్లలు అంతగా పట్టుబట్టరు. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ వారాల్లోనూ పళ్లు కొంత నష్టపోతాయి. ఒక్కసారిగా మానేస్తే మూడు నాలుగు రాత్రులు గట్టిగా ఏడుస్తుంది, ఇల్లంతా నిద్రపోదు. మీకు ఉద్యోగం, అత్తమ్మకు వయసు. సెలవులు కలిసొచ్చే వారమైతే ఇదే త్వరగా తేలుతుంది. పుచ్చు ఇంత దూరం వచ్చిన పాపకు నేనైతే రెండోదే ముందు చెబుతాను, కానీ మూడో రాత్రి జాలిపడి సీసా ఇచ్చేసేలా ఉంటే మొదటిదే ఎంచుకోండి. ఏడిస్తే ఇస్తారని పాపకు ఒకసారి తెలిస్తే తర్వాత ఇంకా కష్టం. రాత్రి 8 గంటలకు గ్లాసుతో పాలు, తర్వాత బ్రష్, ఆ తర్వాత పొద్దున దాకా నీళ్లే.

చక్కెర మానేసి బెల్లం వేస్తున్నామని చాలామంది తృప్తిపడతారు. పంటికి బెల్లమైనా తేనైనా ఒకటే. ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. తిన్న ప్రతిసారీ అరగంట పాటు నోట్లో ఆమ్లం ఉంటుంది. భోజనం కాగానే ఒక లడ్డూ తింటే ఒక్క అరగంట. అదే లడ్డూను పొద్దంతా కొంచెం కొంచెం కొరికితే రోజంతా. పిల్లలకు కాలక్షేపానికి ఇచ్చే గ్లూకోజ్ బిస్కెట్లు దవడ పళ్ల గుంతల్లో ముద్దలా అతుక్కుని గంటల తరబడి ఉంటాయి. చాక్లెట్ కొనివ్వనని గర్వంగా చెప్పే ఇళ్లల్లో కూడా పళ్లు పుచ్చడానికి ఇవే కారణం. పాలల్లో కలిపే రుచి పొడులు, దగ్గు సిరప్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. సిరప్ వేశాక రెండు గుక్కల నీళ్లు తాగించండి.

ఇక ఫ్లోరైడ్. మీ అత్తమ్మ భయం కళ్లారా చూసి నేర్చుకున్నది, దాన్ని మూఢనమ్మకంలా కొట్టిపారేయకండి. తెలుగు నేల మీద ఈ బాధ చాలా పాతది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో దీన్ని డాక్టర్లు రాసిపెట్టారు. నీళ్లలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నల్గొండ పేరే ఉంది. ఆమె పళ్ల మీది చారలకూ, వాళ్లక్క వంగిన నడుముకూ కారణం ఏళ్ల తరబడి లీటర్ల లెక్కన తాగిన బోరు నీళ్లు. ఆ లెక్కే పేస్టుకూ వేసి, ఆమె పక్కన కూర్చుని చెప్పండి.

మన దేశంలో తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. లీటరుకు 4 మిల్లీగ్రాములున్న నీళ్లు రోజుకు లీటరు తాగితే ఒంట్లోకి వెళ్లేది 4 మిల్లీగ్రాములు. 1000 పీపీఎం పేస్టు అంటే గ్రాముకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్. బియ్యపుగింజంత పేస్టు బరువు గ్రాములో పదో వంతు. రోజుకు రెండుసార్లు వేసి, పాప ఉమ్మకుండా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములు. ఆ నీళ్లతో పోలిస్తే ఇరవయ్యో వంతు. పైగా పేస్టు పని మింగడం వల్ల జరగదు, పంటి మీద ఉండటం వల్ల జరుగుతుంది. ఆమ్లం కరిగించిన చోట ఉమ్మిలోని కాల్షియం మళ్లీ పేరుకునేలా చేసి, ఆ పొరను గట్టిపరుస్తుంది. ఫ్లోరైడ్ లేని పేస్టుతో తోమితే పాచి పోతుంది, నోరు శుభ్రంగా ఉంటుంది. కానీ మెత్తబడిన పన్నుకు తిరిగి గట్టిపడే సాయం అందదు. మీ పాపకు ఇప్పుడు కావలసింది ఆ సాయమే.

మూడేళ్లలోపు బియ్యపుగింజంత, మూడు దాటాక బఠాణీగింజంత అన్నది పిల్లల దంత వైద్యుల లెక్క. బఠాణీ అంటే సుమారు పావు గ్రాము, రెండుసార్లకు 0.5 మిల్లీగ్రాము. పాపకు ఉమ్మడం ఇంకా రాకపోతే బియ్యపుగింజతోనే మొదలుపెట్టి, ఉమ్మడం వచ్చాక పెంచండి. పేస్టు ఎప్పుడూ పెద్దవాళ్లే వేయాలి, ట్యూబు పాపకు అందకూడదు. ట్యూబు వెనక పీపీఎం ఎంతో చూడండి. పిల్లలదని బొమ్మ ఉన్నంత మాత్రాన 1000 ఉంటుందని కాదు, కొన్నిట్లో సగమే ఉంటుంది, కొన్నిట్లో అసలుండదు. పై ముందు శాశ్వత పళ్లకు చారలు పడే ప్రమాదం ఎక్కువగా ఉండేది 15 నుంచి 30 నెలల వయసులో, మీ పాప అది దాటింది. అయినా కొత్త పళ్లు తయారవుతూనే ఉంటాయి కనుక పరిమాణం మీద జాగ్రత్త ఎనిమిదేళ్ల దాకా ఉండాల్సిందే.

అత్తమ్మ జాగ్రత్తను నీళ్ల మీదికి మళ్లించండి, అక్కడ అది నిజంగా పనికొస్తుంది. మీ అపార్ట్‌మెంట్‌లో తాగేది బోరు నీళ్లయితే ఒకసారి ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ఊరెళ్లినప్పుడు బోరు నీళ్లు కాకుండా మిషన్ భగీరథ నీళ్లో, ఆర్‌ఓ నీళ్లో పాపకు పట్టండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. ఇంకో సంగతి కూడా ఆమెకు చూపించండి. ఫ్లోరైడ్ చారలు అటూ ఇటూ జతగా ఉండే పళ్ల మీద అడ్డంగా పడతాయి, పన్ను గట్టిగానే ఉంటుంది. పాప పళ్ల మీద ఉన్నవి చిగురు దగ్గర మొదలై మెత్తబడి రాలుతున్నాయి. ఆమె పళ్లూ పాప పళ్లూ అద్దంలో పక్కపక్కన చూసుకుంటే ఆమెకే తెలుస్తుంది.

తోమడం పాప పని కాదు, మీ పని. "తనే తోముకుంటుంది" అని మురిసిపోతాం గానీ చొక్కా గుండీలు పెట్టుకోవడం, చక్కగా అక్షరాలు రాయడం వచ్చేదాకా, అంటే ఏడెనిమిదేళ్ల దాకా ఆ చేతికి వెనక పళ్లు అందవు. పాపను ముందు తోముకోనివ్వండి, తర్వాత మీరు తోమండి. ఇద్దరు పెద్దవాళ్లు మోకాళ్లు ఆనించి ఎదురెదురుగా కూర్చోవాలి. పాప నడుము ఒకరి ఒళ్లో, తల ఇంకొకరి ఒళ్లో. తల పట్టుకున్నవాళ్లు చూపుడు వేలితో పై పెదవిని ఎత్తితే చిగురు గీత పూర్తిగా కనిపిస్తుంది. చిన్న తల, మెత్తటి కుచ్చు ఉన్న బ్రష్‌ను ఆ గీత మీద వాల్చి చిన్నగా అటూ ఇటూ కదపాలి. మొత్తం రెండు నిమిషాలు. తర్వాత ఉమ్మేస్తే చాలు, నీళ్లతో పుక్కిలిస్తే ఉన్న కొంచెం ఫ్లోరైడూ పోతుంది. పొద్దున ఆఫీసు హడావుడిలో ఒకరోజు తప్పినా రాత్రిది తప్పకూడదు. వేప పుల్ల పెద్దవాళ్లకు సరే, మూడేళ్ల పిల్లకు చిగురు గీరుకుంటుంది. బొగ్గు, బూడిద, ఎర్ర పళ్లపొడి పలచటి పాల పంటిని అరగదీస్తాయి.

ఆ ఒళ్లో తల పెట్టించుకునే పని అత్తమ్మకు ఇవ్వండి. "మీ సీసా వల్లే" అని ఒక్కసారి నోరు జారితే ఆవిడ ఇక ఈ పళ్ల జోలికి రాదు, పగలంతా పాపతో ఉండేదీ ఆవిడే. ఆకలితో పడుకోకూడదన్న ప్రేమతో ఇచ్చిన సీసా అది. మీరు ఆఫీసులో ఉండటమూ తప్పు కాదు. సున్నపు గీతలను పాలనుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మీ భర్తను మాత్రం డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి. పదేళ్ల దాకా ఉండాల్సిన పన్ను అని ఎక్స్‌రే మీద డాక్టర్ వేలుపెట్టి చూపిస్తే, అది ఇంట్లో మీరు వాదించినట్టు ఉండదు.

వైద్యం అయ్యాక మూడు నెలలకోసారి చూపించండి. ఆ ఐదో పన్ను వెనకాల చిగురును ఐదున్నరేళ్ల నుంచి వేలితో తడిమి చూస్తూ ఉండండి. ఏదీ ఊడకుండా అక్కడ కొత్త పన్ను మొలిస్తే అది శాశ్వతమైనది, చాలామంది దాన్ని పాల పన్నే అనుకుని వదిలేస్తారు. దాని పైభాగం పూర్తిగా బయటపడగానే గాడులు పూడ్చే సీలెంట్ వేయించండి.